వీరచిత్రకథలు: విడి సంచికలును సంపుటములును

మా పాఠశాల పై తరగతుల విద్యార్థులలో సూపర్‌మాన్, బాట్‌మాన్, స్పైడర్‌మాన్ అను పేర్లు ఎరుగనివారు లేరు. అయితే వారిలో పెక్కురు ఈ వీరులను చలనచిత్రములలో చూచినవారే గాని, వారు పుట్టిన కాగితముమీద చూచినవారు కారు. చదివిన కొలదిమందియు దళసరి సంపుటములను ఎరవు తెచ్చి, ఒక్క రాత్రిలో ముగించి, "ఇందు చెప్పినదే చెప్పినారు, ఇరువది పుటలకొకమారు వీరుడు తన కథ తానే మరల చెప్పుకొనుచున్నాడు" అని పెదవి విరుచుచున్నారు. ఈ లోపము కథలో లేదనియు, చదివిన తీరులో నున్నదనియు మా యభిప్రాయము. దానిని వివరించుటయే ఈ వ్యాసముయొక్క పని. ఇట్టి బొమ్మల పుస్తకములు పిల్లలు చదువదగునా యని యడుగు తలిదండ్రులు గలరు. ఆ ప్రశ్నను మేమిచట చర్చింపము. పిల్లలు ఎట్లును చదువుచున్నారు గనుక, చక్కగా చదువవలెనని మాత్రము కోరుచున్నాము.

అమెరికాలో ఈ కథలు రెండు రూపములతో దొరకును. నెలకొకటి చొప్పున పలుచని పుస్తకముగా వెలువడునది విడి సంచిక. అట్టివి అయిదారు గాని, ఇరువది ముప్పది గాని చేర్చి గట్టి అట్టతో కుట్టినది సంపుటము. బొమ్మలు అవియే, మాటలు అవియే. అయినను చదువువాని యనుభవము ఒక్కటి కాదు.

మొదట విడి సంచిక సంగతి చూతము. 1938వ సంవత్సరమున జూన్ నెల పేర 'యాక్షన్ కామిక్స్' మొదటి సంచిక వెలువడెను. జెర్రీ సీగెల్ రచించి జో షూస్టర్ చిత్రించిన సూపర్‌మాన్ అందు మొదటిసారిగా కనుపించెను. వెల 10 సెంట్లు. మొత్తము 64 పుటలు. అందు సూపర్‌మాన్ కథ 13 పుటలు మాత్రమే. ఈ మిత్రులిరువురును ఆ కథను తొలుత దినపత్రికలకై చిన్న బొమ్మల పట్టీలుగా గీచియుండిరి. మాసపత్రికకు కావలసివచ్చినప్పుడు ఆ పట్టీలను గడిగడిగా కత్తిరించి, పుటకు సరిపోవునట్లు మరల అతికించిరి. మరుసటి యేడు, అనగా 1939లో, సూపర్‌మాన్ పేరనే వేరొక పత్రిక ప్రారంభింపబడెను. దాని మొదటి సంచికలో పాత కథలనే మరల అచ్చువేసి, మునుపు విడువబడిన ప్రారంభపు పుటలను చేర్చిరి. కావున కత్తిరించుటయు, అతికించుటయు, మరల కూర్చుటయు ఈ కళకు పుట్టుకతో వచ్చిన గుణములే.

ఆ 10 సెంట్ల వెల 1961వ సంవత్సరము చివరివరకు మారలేదు. వెల మారకుండుటకు పుటలు తగ్గినవి; 64 పుటల పుస్తకము 32 పుటలదయ్యెను. పిమ్మట వెల 12 సెంట్లయి, అటుపై పెరుగుచునే యున్నది. ఇటీవలి సంవత్సరములలో 20 పుటల కథగల సంచికకు 4 డాలర్లును, అంతకంటె నెక్కువయు నిచ్చుచున్నారు. తొలినాళ్లలో ఈ పత్రికలు కిళ్లీకొట్లవంటి చిన్న అంగళ్లలోను, మందుల దుకాణములలోను తీగ చట్రములపై నమ్మబడుచుండెను. ముఖపత్రముపై నచ్చొత్తిన నెల సంచిక వెలువడిన నెల కాదు. అంగడివాడు దానిని తీసివేయవలసిన గడువును తెలుపుటకై రెండు మూడు నెలలు ముందునకు వేసెడివారు. అమ్ముడుపోని ప్రతులకు అతనికి సొమ్ము తిరిగి వచ్చుచుండెను. అందులకై పుస్తకమంతయు పంపనక్కరలేదు. ముఖపత్రమునో, దాని పై భాగమునో చించి పంపిన చాలును. మిగిలినది చిత్తుకాగితము. అట్టి వస్తువు ఎనుబది యేండ్ల పిమ్మటను అచ్చటచ్చట మిగిలియున్నదన్న, తల్లి పారవేయకుండ మంచము క్రింద దాచుకొనిన బాలుర చలువయే.

ఇట్లు అమ్మబడు పత్రికను వ్రాయువానికి ఒక చిక్కు గలదు. ఈ నెల కొనువాడు పోయిన నెల కొనెనో లేదో తెలియదు. అతడు కొనగోరినను పోయిన నెల సంచిక అంగడిలో నుండదు. కావున ప్రతి సంచికయందును, వీరుడెవడు, అతని శక్తి యెట్టిది, శత్రువునకు అతనిపై పగయేల అను సంగతులను రెండు మూడు గడులలో మరల చెప్పవలసి వచ్చెను. హరికథకుడు రెండవనాటి రాత్రి మొదటినాటి కథను నాలుగు మాటలలో స్మరించి ముందుకు సాగును గదా! ఆ స్మరణ కొత్తగా వచ్చి కూర్చున్నవానికి ఆదరణ. రెండు రాత్రుల కథను వెంటవెంటనే వినువానికి అదియే విసుగు. మా విద్యార్థులు దోషముగా నెంచినది ఈ యాదరణనే.

ఇంతకంటె ముఖ్యమైనది నిరీక్షణ. అది కథలో నెంతటి భాగమైనదో తెలియుటకు ఒక యుదాహరణము చెప్పెదము. 'అమేజింగ్ స్పైడర్‌మాన్' పత్రికయొక్క 31, 32, 33వ సంచికలు 1965 డిసెంబరు మొదలు 1966 ఫిబ్రవరి వరకు గల నెలల పేర వెలువడినవి. చిత్రకారుడు స్టీవ్ డిట్కో. సంభాషణలు స్టాన్ లీవి. పీటర్ పార్కర్ అను పేద విద్యార్థియే స్పైడర్‌మాన్. అతనిని పెంచిన పెత్తల్లి మరణశయ్యపై నున్నది. పూర్వము ఆమెను బ్రదికించుటకై అతడిచ్చిన రక్తమే ఇప్పుడు ఆమెకు విషమైనది. దానికి విరుగుడగు ఔషధమును డాక్టర్ ఆక్టొపస్ అను దుష్టుని యనుచరులు అపహరించి, నీటి యడుగుననున్న స్థావరమునకు కొనిపోయిరి. పీటర్ అచటికి పోయి పోరాడును. 32వ సంచిక చివర మహాయంత్రమొకటి కూలి అతనిమీద పడును. ఔషధపాత్ర కన్నులయెదుటనే యున్నది, చేతికి మాత్రమందదు. పైకప్పు బీటలు వారి నీరు కారుచున్నది. సంచిక అంతటితో సరి.

12 సెంట్లిచ్చి దానిని కొనిన బాలునికి ఇక నెల దినములు గడువవలెను. ఆ నెలలో అతడు బడికి పోయెను, లెక్కలు చేసెను, పండుగ చేసికొనెను. తోడివారితో, "ఎట్లు బయటపడును? ఎవరు వచ్చి రక్షింతురు?" అని వాదించెను. యంత్రము మాత్రము కదలలేదు. 33వ సంచిక వచ్చిన పిమ్మట తెలిసినది, ఎవరును రారు. మొదటి 5 పుటలలో జరుగునది ఒక్కటే: అలసినవాడు తన్ను తాను హెచ్చరించుకొనుచు, పడుచు, మరల పూనుకొనుచు ఆ బరువును కొంచెము కొంచెముగా నెత్తును. బొమ్మలు రానురాను పెద్దవై, తుదకు పుటయంతయు నిండిన బొమ్మలో యంత్రము పైకి లేచును. ఈ 5 పుటలను మెచ్చనివారు ఈ కళను ప్రేమించువారిలో అరుదు. ఇక సంపుటమున చదువువాడు ఏమి చూచును? ఒక పుటలో వీరుడు యంత్రము క్రింద నున్నాడు. ఆకు త్రిప్పగా మరల యంత్రము క్రిందనే యున్నాడు. మరి నాలుగు ఆకులు త్రిప్పులోపల లేచినాడు. రెండు నిమిషములపని! డిట్కో ఆ 5 పుటలను గీచినది నెల దినములుగా నెదురుచూచిన కన్నులకొరకు.

విడి సంచికలో కథకు వెలుపల నుండు వస్తువులును గలవు. అందు ముఖ్యమైనది లేఖల పుట. 1960వ దశకమున డి.సి. సంస్థ సంపాదకుడు జూలియస్ ష్వార్ట్జ్ పాఠకుల లేఖలతోపాటు వారి పూర్తి చిరునామాలను అచ్చువేసెడివాడు. వాటిని చూచి దూరగ్రామముల బాలురు ఒకరికొకరు ఉత్తరములు వ్రాసికొనిరి. తమలో తాము చిన్న పత్రికలు నడుపుకొనిరి. అట్లు వ్రాసినవారిలో కొందరు పెద్దవారై ఆ కథలనే రచించిరి. సంపుటములలో ఈ లేఖలు సాధారణముగా నుండవు. ప్రకటనలును ఉండవు. ప్రకటనలు పోయిన నష్టమేమని మీరు నవ్వవచ్చును. కాని ఆ కాలపు బాలుడు ఏమి కొనగోరెనో, ఏ బలహీనతకు సిగ్గుపడెనో, కథకంటె ఆ కండలు పెంచు మందుల ప్రకటనలే నిజముగా చెప్పును!

తెలుగు ఇండ్లలో ఈ భేదము తెలియనిది కాదు. వారపత్రికలలోని ధారావాహిక నవలలను వారము వారము చించి, దాచి, ముగిసిన పిమ్మట బైండు చేయించుట మన తల్లులకు వాడుక. 1947 జూలైలో పుట్టిన 'చందమామ'ను సంవత్సరమున కొక బొత్తిగా కుట్టించిన ఇండ్లును పెక్కు. అట్టి బైండు పుస్తకమును తెరచినచో నవల ఒకవైపును, దాని వెనుక సగము తెగిన వంటకమో హాస్యోక్తియో మరియొకవైపును కనుపించును. ఆ నవలను వారము వారము చదివిన తల్లియు, వేసవి సెలవులలో ఒక్క గ్రుక్కలో చదివిన కొమార్తెయు, దానినిగూర్చి మాటలాడునప్పుడు రెండు నవలలనుగూర్చి మాటలాడినట్లుండును. 'సశేషము' అను మాట తల్లికి ఏడు దినములు. కొమార్తెకు ఒక గీత.

మరల అమెరికాకు పోదము. పెద్ద ప్రకాశకులు ఈ కథలను గ్రంథములుగా కూర్చుట 1974లో స్టాన్ లీ పేర వెలువడిన 'ఆరిజిన్స్ ఆఫ్ మార్వెల్ కామిక్స్' అను పుస్తకముతో ప్రసిద్ధికి వచ్చెను. 1986లో ఫ్రాంక్ మిల్లర్ రచించిన నాలుగు సంచికల బాట్‌మాన్ కథ 'ది డార్క్ నైట్ రిటర్న్స్' కూర్పబడి పుస్తకముల అంగళ్లకెక్కెను. 1987 మొదలు మార్వెల్ వారును, 1989 మొదలు డి.సి. వారును పాత సంచికలను వరుసగా గట్టి అట్టల గ్రంథములుగా వెలువరింపసాగిరి. 1990వ దశకపు రెండవ భాగమున మార్వెల్ వారు 500 పుటలకు మించిన నలుపు తెలుపు సంపుటములను చవుక కాగితముపై వేసిరి. సంపుటమువలన కలిగిన మేలును తక్కువచేసి చెప్పుట న్యాయము కాదు. యంత్రము క్రింద పడిన స్పైడర్‌మాన్‌ను 1966లో పుట్టని మనము చూడగలిగినది సంపుటమువలననే. పాత సంచికల వెల నేడు ధనికులకును బరువే. పిన్నులతో కుట్టిన 32 పుటల పుస్తకము గ్రంథాలయపు బీరువాలో నిలువదు. వెన్నుగల పుస్తకము నిలుచును.

ఒక గ్రంథము మాత్రము రెండు రూపములకును సరిపోయినది. అలన్ మూర్ రచించి డేవ్ గిబ్బన్స్ చిత్రించిన 'వాచ్‌మెన్' 12 సంచికలుగా 1986 సెప్టెంబరు మొదలు 1987 అక్టోబరు వరకు గల నెలల పేర వెలువడెను. (ఇది పెద్దలకొరకైన కథ, క్రింది తరగతులవారికి తగదు.) ప్రతి సంచికయొక్క ముఖచిత్రమే కథలోని మొదటి గడి; అట్ట చూచుచుండగనే కథ మొదలైనదన్నమాట. సంచిక చివర నొక గడియారము ఒక్కొక్క నిమిషము చొప్పున 12 గంటలకు సమీపించును. లేఖల పుట యుండవలసినచోట, 11 సంచికలలో, ఆ కథాలోకమునకు చెందిన గ్రంథభాగములును వార్తలును ఉంచబడినవి. సంపుటము చేసినప్పుడు వీనినేమియు తీసివేయలేదు. హంతకుడెవడని సంవత్సరమునకు పైగా నూహించిన వారికిని, వారములో ముగించు మనకును అది సంపూర్ణముగనే దొరకును. తక్కిన కథలకు ఇట్టి యదృష్టము పట్టలేదు.

కూర్పులో కలుగు మార్పులు కొన్ని కంటికి కనుపించును. ముతక కాగితముపై నాలుగు సిరాల చుక్కలతో మెత్తగా కనుపింపవలెనని వేసిన రంగులు, నున్నని తెల్ల కాగితముపై మిరుమిట్లు గొలుపును. కొన్నియెడల రంగులే మార్చబడును. 1988లో వెలువడిన 'ది కిల్లింగ్ జోక్' అను బాట్‌మాన్ కథకు జాన్ హిగ్గిన్స్ మండునట్టి పసుపు, ఊదా రంగులు వేసెను. 2008 నాటి కూర్పునకు చిత్రకారుడు బ్రయన్ బోలండ్ తానే చల్లని బూడిద రంగులు వేసెను. ఏది మేలను వాదము తీరలేదు. మాకు హిగ్గిన్స్ రంగులే ఇష్టము. రెండు పుటల నావరించిన పెద్ద బొమ్మ, లావు పుస్తకమున నడిమి మడతలోనికి దిగిపోయి, వీరుని ముఖము సగము మాయమగును. "దీనికై 28వ సంచిక చూడుడు" అను సంపాదకుని అడుగుసూచన ఆ సంచికలేని సంపుటమున దారితప్పిన బాటసారివలె నిలిచియుండును.

కథకు పట్టుగొమ్మయైన రహస్యమును సంపుటపు పేరే బయటపెట్టుట అన్నిటికంటె కష్టముగా తోచును. 1973 జూన్ నెల పేర వెలువడిన 'అమేజింగ్ స్పైడర్‌మాన్' 121వ సంచికలో పీటర్ ప్రేమించిన గ్వెన్ స్టేసీ మరణించును. రచయిత గెర్రీ కాన్వే, చిత్రకారుడు గిల్ కేన్. కథ పేరు మొదటి పుటయందుండుట ఆచారము. ఇచట ఆ పేరులోనే మరణవార్త యున్నందున, దానిని మొదట చెప్పక చివరి పుటయందు వేసిరి. చదువరి ఆమె బ్రదుకునని తుదివరకు నమ్మవలెనని వారి జాగ్రత్త. తరువాత ఆ కథను కూర్చిన సంపుటమునకు పెట్టిన పేరు? 'గ్వెన్ స్టేసీ మరణము'! అట్టమీదనే, పెద్ద యక్షరములతో.

సంపుటమే మేలైన సందర్భములును గలవు. 1992లో సూపర్‌మాన్ కథ ఒక్క పత్రికలో గాక నాలుగు పత్రికలలో వారమువారము సాగుచుండెను. ఏది ముందో ఏది వెనుకో తెలియుటకై ముఖపత్రముపై త్రికోణములో నొక వరుససంఖ్య వేసెడివారు. ఆ సంవత్సరము నవంబరులో 'సూపర్‌మాన్' 75వ సంచికయందు వీరుడు మరణించెను. ఆ కడపటి సంచికలలో మొదటిదాన పుటకు 4 బొమ్మలు, తరువాతిదాన 3, ఆ తరువాతిదాన 2, తుది సంచికలో పుటకొక్కటే బొమ్మ. నాలుగు పత్రికలలో చెదరియున్న ఈ యమరిక వరుసగా కూర్చినప్పుడే చక్కగా తెలియును. ఆ 75వ సంచికను నల్లని సంచిలో మూసి, లోపల శోకసూచకమగు భుజపట్టీ నుంచి అమ్మిరి. ముందుముందు వెల పెరుగునని ఎంతమందియో నాలుగేసి, పదేసి ప్రతులు కొని, సంచి విప్పకుండ దాచిరి. అందరును దాచిన వస్తువునకు వెల పెరుగదు. ఆ వ్యామోహము చల్లారిన పిమ్మట అనేకములగు అంగళ్లు మూతపడినవి. 1996 డిసెంబరులో మార్వెల్ సంస్థయే దివాలా దరఖాస్తు పెట్టుకొనెను. విడి సంచికకు మ్రొక్కుటయు, దానిని చదువుటయు వేరువేరని వీరు తెలిసికొనుటకు మిక్కిలి సొమ్ము ఖర్చైనది.

సంపుటముల అమ్మకము పెరిగినకొలది రచనయే మారెను. 1962లో స్పైడర్‌మాన్ పుట్టుకకథ 'అమేజింగ్ ఫాంటసీ' 15వ సంచికలో 11 పుటలలో ముగిసెను: సాలెపురుగు కాటు, గర్వము, పెదతండ్రి హత్య, పశ్చాత్తాపము, సర్వము 11 పుటలే. 2000లో బ్రయన్ మైకేల్ బెండిస్ రచించి మార్క్ బాగ్లీ చిత్రించిన 'అల్టిమేట్ స్పైడర్‌మాన్'లో ఆ పుట్టుకతో మొదలైన తొలి కథ 7 సంచికలు సాగి, ఒక సంపుటమునకు సరిపోయెను. సంభాషణలు తీరికగా నడచును, మౌనమునకు చోటుండును. ఇట్టిదానిని నెలకొక సంచికగా చదువువాడు, "ఈ నెల ఏమియు జరుగలేదే!" యని వగచును. సంపుటముగా చదువువానికి అదియే సుఖము. మా విద్యార్థులు పాత కథలకు చూపిన విసుగును, ఆ కాలపు సంచికల చదువరులు కొత్త కథలకు చూపిరి.

అట్లయినచో అందరును సంపుటమునకై వేచియుండరాదా యనిన, దానికి నొక అడ్డు గలదు. ప్రకాశకులు కథను కొనసాగించుటయో మానుటయో చాలవరకు విడి సంచికల అమ్మకమును బట్టి నిర్ణయింతురు. ప్రత్యేకమైన కామిక్స్ అంగళ్లు 1970వ దశకమున వ్యాపించిన పిమ్మట, అమ్ముడుపోని ప్రతులను తిప్పిపంపు హక్కు ఆ అంగళ్లకు లేకపోయెను. కావున అంగడివాడు ముందుగా అడిగినవారి లెక్క చూచుకొని తెప్పించును. సంపుటమునకై వేచియున్నవాడు ఆ లెక్కలోనికి రాడు. అందరును వేచియున్నచో సంపుటమే పుట్టదు. అయినను సంపుటముల చదువరులవలన నిలిచిన కథలు లేకపోలేదు. 2014లో జి. విల్లో విల్సన్ రచనగా మొదలైన 'మిస్ మార్వెల్', పాకిస్తానీ కుటుంబమున పుట్టిన అమెరికా బాలిక కమలా ఖాన్ కథ. దాని మొదటి సంపుటము 2015లో హ్యూగో బహుమానమందెను. కామిక్స్ అంగడి గడప తొక్కనివారును దానిని పుస్తకముగా కొని చదివిరి.

మన ఊళ్లలో అమెరికా సంచికలను నెలనెల కొనుట సామాన్యులకు సాధ్యము కాదు. మన చేతికి వచ్చునది సంపుటము, లేదా 2007 మొదలు మార్వెల్ వారు చందాపై చూపుచున్న వెలుగుతెర ప్రతి. కాబట్టి ఇట్లు చేయుడని మా సూచన. పుస్తకము తెరువగనే అందలి కథలు ఏ సంవత్సరమున, ఏ పత్రికలో, ఏ సంఖ్యలతో వెలువడెనో ఆరంభమున సన్నని యక్షరములలో నుండు పుటను చూడుడు. 1990కి ముందటివైనచో దినమున కొక్క సంచిక మాత్రము చదువుడు. వీలైన వారమున కొకటి. సంచిక యెచట ముగిసినదో ముఖచిత్రమువలన తెలియును. ముఖచిత్రములను పుస్తకము చివర గుమిగూర్చియుంచినచో, రచయిత, చిత్రకారుల పేర్లుగల పెద్ద బొమ్మ వచ్చినచోట క్రొత్త సంచిక మొదలైనట్లు గ్రహింపుడు. అచట కాగితపు ముక్క పెట్టి, పుస్తకము మూసి, తోడివానిని "ఇక నేమి జరుగును?" అని యడుగుడు. 32వ సంచికకును 33వ సంచికకును నడుమ కనీసము ఒక్క ఆదివారమైనను గడువనిండు. 2000 తరువాతివైనచో ఈ నియమము అక్కరలేదు. సెలవుదినమున ఒక్క కూర్చుండులో ముగింపవచ్చును.

గ్రంథాలయపు పని చూచు విద్యార్థులకు ఒక మాట. గ్వెన్ స్టేసీ కథగల సంపుటము ఎప్పుడైన మన బీరువాకు వచ్చినచో, పాఠ్యపుస్తకములకు వేయునట్లు దానికి గోధుమరంగు కాగితపు అట్ట వేయుడు. వెన్నుమీద 'స్పైడర్‌మాన్, 1973' అని మాత్రము వ్రాయుడు. విషయసూచికపై నొక కాగితమును అంచులకు మాత్రము జిగురు రాసి అతికింపుడు. చదివి ముగించినవారు పైకెత్తి చూచుకొందురు.